దిష్టిచుక్క పైకి

పొద్దున్నే లాబ్ తాళం తీసి తలుపు తోయగానే నాకు ముందుగా ఎదురొచ్చేది కరిగిన మైనం వాసన. రాత్రంతా సన్నని వేడి మీద ఉన్న మైనం తొట్టి మూత సందులోంచి వచ్చి అది గదంతా పరుచుకుని ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు ముక్కు చిట్లిస్తారు. ఇరవై ఏళ్ళ పైబడి పీలుస్తున్నాను కనక నాకు అది మా వంటింటి వాసనతో సమానం. నిన్న మాత్రం తలుపు తీసి ఒక్క క్షణం గడపలోనే ఆగిపోయాను. కిటికీ పక్కన మైక్రోస్కోపు ముందు, నేత చీర కొంగు నడుముకి దోపుకుని, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని ఆవిడ కూర్చున్నట్టే అనిపించింది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ కుర్చీలో ఇప్పుడు వేరే డాక్టరుగారు కూర్చుంటున్నారు. అయినా ఆ వాసన ఇంకా ఆవిడదే.

ఆవిడ పేరు డాక్టర్ విశాలాక్షి. ఏలూరులో పవర్‌పేట వైపు ఒక మేడమీద ఈ లాబ్ పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు నడిపారు. తాడేపల్లిగూడెం, తణుకు, చింతలపూడి, ఎక్కడ ఎవరికి గడ్డ కోసినా, పుండు తీసినా, ఆ ముక్క మందునీళ్ళ డబ్బాలో మునిగి మా మేడెక్కేది. ఆవిడ దాన్ని మైక్రోస్కోపు కింద చూసి, ఇది ఫలానా జబ్బు, ఇంతవరకు పాకింది అని రాసేవారు. రోగులు ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి చేతులెత్తి దండం పెడతారు, మందులిచ్చిన కాంపౌండరుకి కూడా పెడతారు. మేడమీద ఒకావిడ కూర్చుని తమ సంగతంతా తేల్చిందని వాళ్ళకి తెలియనే తెలియదు. ఆవిడకి ఆ చింత ఉండేది కాదు. ఆ చింత నాది. అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు గర్వం, దాన్ని దాచుకోవాల్సిన అవసరం నాకు కనబడదు.

నేను డాక్టర్ని కాదు, టెక్నీషియన్ని. నా పేరు పద్మ. మాది గుండుగొలను, నాన్నకి కొద్దిపాటి వరి పొలం. కోర్సు పూర్తిచేసి మొదటిసారి మేడెక్కిన రోజున మేడంగారు నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, చెయ్యి చాపమని వేళ్ళు చూశారు. "ఏం పనులు చేస్తావమ్మా ఇంట్లో?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచక నిజం చెప్పేశాను. కొల్లేటి లంకలో మా అమ్మమ్మగారి ఊళ్ళో పెరిగానని, పిల్లలందరికీ శీలావతి చేప ముక్కల్లో ముళ్ళు ఏరి పెట్టడం నా వంతని, దీపం వెలుగు చాలకపోయినా వేలి కొసతో ముల్లు పట్టేస్తానని చెప్పాను. చెప్పాక నాలిక కరుచుకున్నాను. ఎందుకంటే ఆవిడ ఇంట్లో చేప మాట అటుంచి, ఉల్లిపాయ కూడా దరికి రాదు. నాన్నగారు ఏలూరులో పేరున్న పురోహితులు. ఆవిడ మాత్రం పకపకా నవ్వి, "రేపే వచ్చెయ్యి. నాకు కావలసిన చదువు అదే" అన్నారు.

ఆ మాట వేళాకోళం కాదని తర్వాత తెలిసింది. కేన్సరు ఆపరేషన్లో మెడలోంచి ఇంత కొవ్వు తీసి పంపుతారు. ఆ కొవ్వులో బిళ్ళలు ఉంటాయి. గజ్జల్లో బిళ్ళ కట్టింది అంటామే, అవే. జబ్బు పాకితే ముందు వాటిలోకే పాకుతుంది. పెద్దవి చిక్కుడు గింజంత, చిన్నవి ఆవగింజంత ఉంటాయి. కంటికి కొవ్వూ బిళ్ళా ఒక్క రంగే. వేలికి మాత్రమే తేడా తెలుస్తుంది. నేను ఒక్కొక్కటీ ఏరి తీస్తుంటే మేడంగారు వెనక నిలబడి, "అమ్మమ్మగారి పుణ్యం" అనేవారు.

ఆవిడ దగ్గర ఒక పుస్తకం ఉండేది. పాత డైరీయే, కానీ మొదటి పేజీలో పైన శ్రీకారం, అట్ట నాలుగు మూలలా పసుపు. ఆ పసుపెందుకని మొదట్లో నాకు నవ్వొచ్చేది. అందులో ఒక్క రకం కేసులే రాసేవారు: నాలుక మీద చిన్న పుండు, కేన్సరే, కానీ మెడ తడిమితే ఏమీ తగలదు, స్కానింగులో కూడా ఏమీ లేదు. అలాంటి మనిషి మెడ కొయ్యాలా వద్దా? కంటికి కనబడనంత చిన్నగా బిళ్ళలో జబ్బు దాక్కుని ఉందేమో, వదిలేస్తే ఆర్నెల్లకి మెడంతా అవుతుంది. లేదనుకుంటే ఊరికే మెడ కోసినట్టవుతుంది. ఈ సంగతిని ఎవరూ కళ్ళతో చూసి చెప్పలేరు. నాలుక ముక్కని చూసి అంచనా కట్టడమే. పుండు ఎంత వెడల్పో కాదు, ఎంత లోతుకి దిగిందో చూడాలి. దిగినది గోడలా ఒక్క వరసగా ఉందా, చీమలు చెదిరినట్టు నాలుగేసి కణాలుగా విడిపోయిందా, ఏ నరాన్నయినా చుట్టుకుందా అని చూడాలి. చూసి, మెడ ముక్క మా దగ్గరికి రాకముందే, మేడంగారు నల్లసిరాతో పుస్తకంలో "ఉంది" అనో "లేదు" అనో రాసేవారు. మెడ సంగతి తేలాక కింద ఎర్రసిరాతో నిజం రాసేవారు. మెడ కొయ్యనివాళ్ళ దగ్గర ఎర్రసిరా కోసం ఏళ్ళ తరబడి చోటు ఖాళీగా ఉండేది. ఆవిడే ఆస్పత్రులకి ఫోన్ చేసి వాళ్ళెలా ఉన్నారో కనుక్కునేవారు.

ఒక మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు ఎందుకండీ ఇదంతా అని అడిగాను.

"మా నాన్నగారు వందల పెళ్ళిళ్ళకి ముహూర్తాలు పెట్టారు" అన్నారు ఆవిడ పెరుగన్నం కలుపుతూ. "బాగున్నవాళ్ళు వచ్చి బట్టలు పెట్టేవారు. బాగులేనివాళ్ళు మా గుమ్మం ఎక్కేవారే కాదు. అందుకని ఆయనకి తను పెట్టినవన్నీ మంచి ముహూర్తాలే అనిపించేది. పాపం, తప్పని ఎవరూ తిరిగొచ్చి చెప్పలేదు కదా. నా దగ్గరికీ ఎవరూ రారు. నేనే వెళ్ళి అడగాలి."

అప్పుడు ఆ పసుపు అర్థమైంది. నాన్నగారి పంచాంగానికి ఎలా పూసేవారో దీనికీ అలాగే పూశారు. ఆ రోజు నుంచి పుస్తకంలో నాకూ ఒక గడి గీశారు. నేను చదివిన చదువుకి అంత మాట ఎక్కడిదండీ అంటే, "కోసేది నువ్వు, ఏరేది నువ్వు. నీకు ఒక అభిప్రాయం ఉండొద్దూ?" అన్నారు. పక్క కుర్చీ లాగి, మైక్రోస్కోపులో ఏది ఏమిటో చూపించి, నా చేతే రాయించేవారు. టెక్నీషియన్ చేత అంచనా రాయించే డాక్టరు గురించి అంతకుముందు నేను వినలేదు, ఇప్పటికీ వినలేదు.

ఇప్పుడు దిష్టిచుక్క సంగతి చెప్పాలి. నాలుక ముక్కని మేడంగారు రొట్టె ముక్కల్లా నిలువుగా కోసి ఇచ్చేవారు. ఒక్కొక్క ముక్కకీ రెండు ముఖాలుంటాయి. ఏ ముఖంలో జబ్బు ఎక్కువ లోతుగా కనబడుతుందో చూసి, దానికి రెండో వైపున నల్లసిరాతో చిన్న చుక్క పెట్టేవారు. ఆ చుక్కని మేం దిష్టిచుక్క అనేవాళ్ళం. ముక్క నీళ్ళన్నీ పోయి మైనం పీల్చుకున్నాక, దాన్ని చిన్న అచ్చులో నిలిపి, పైన కరిగిన మైనం పోసి గడ్డ కట్టించాలి. ఆ గడ్డని తర్వాత మిషను మీద పలచగా కోస్తాం. దాని పలచదనం ముందు పూతరేకు కూడా దుప్పటే. మిషను కోసేది అచ్చులో అడుగున ఉన్న ముఖాన్ని. అందుకని "చుక్క పైకి, ముఖం కిందికి" అని ఆవిడ రోజూ, వినేవాళ్ళకి విసుగు పుట్టేలా, అంటూనే ఉండేవారు. మొదటి నెలలో నేను నిద్రలో కూడా అన్నానట, మా చెల్లి చెప్పింది.

చేరిన మూడో ఏడు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే ముఠా కార్మికుడు అప్పారావు, నలభై ఏళ్ళవాడు. ఖైనీ అలవాటు. నాలుక కుడి అంచున బొటనవేలి గోరంత పుండు వస్తే ఏలూరులో కోసి తీశారు. మెడలో ఏమీ తగల్లేదు. మా రిపోర్టు చూసి మెడ సంగతి తేలుస్తానని సర్జన్ గారు అన్నారు. అతని ముక్కలు మైనంలో పెట్టే రోజునే సాయంత్రం మా చెల్లిని చూసుకోడానికి తణుకు నుంచి పెళ్ళివారు వస్తున్నారు. ఐదుంబావు బస్సుకి నేను ఇంటికి బయల్దేరాలి. చివరి ముక్కని పట్టకారుతో పట్టి అచ్చులో దింపుతుంటే అది జారి బోర్లా పడింది. చుక్క అడుగుకి పోయింది. అది నేను చూశాను. అప్పటికే అడుగున మైనం గట్టిపడుతోంది, మళ్ళీ కరిగించాలంటే బస్సు పోతుంది. ఒకే ముక్కకి రెండు వైపులా ఒకటేలే, దోసెకి రెండు వైపులూ దోసే కదా అనుకున్నాను. అనుకుని పైన మైనం పోసేశాను. మర్నాడు మిషను మీద చెక్కుతుంటే మైనం పొట్టులో నల్లటి మరక వచ్చింది. ఆ నలుపు పోయేదాకా ఇంకాస్త చెక్కేసి, ఆ పొట్టు చెత్తబుట్టలో వేశాను. అన్నట్టు ఆ సంబంధం కుదరలేదు.

మేడంగారు స్లైడు చూసి లోతు రెండున్నర మిల్లీమీటర్లని కొలిచారు. విడిపోయిన కణాలేవీ లేవు. పుస్తకంలో నల్లసిరాతో "లేదు" అని రాసి నాకు అందించారు. నా గడిలో నేనూ "లేదు" అని రాశాను. మామూలుగా నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, ఆ పేజీలో ఆ మాట మాత్రం ఇప్పటికీ వంకరగానే ఉంది.

మూడో రోజున అప్పారావు, అతని భార్య నూకరత్నం రిపోర్టు కోసం వచ్చారు. అతని నాలుక ఇంకా మందంగా తిరుగుతోంది, అందుకని భార్యే మాట్లాడింది. "మెడ కొయ్యాలంటే భుజం పడిపోద్దంటన్నారండి మార్కెట్లో. నిజవేనా అండీ? ఈయనకి భుజం తప్ప వేరే పని రాదండి." భుజాన్ని పైకెత్తే నరం మెడలో ఆ దారినే పోతుంది. జాగ్రత్తగా కోస్తారు కానీ, ఒక్కోసారి దెబ్బ తగిలి చెయ్యి పైకి లేవదు. రిపోర్టులో ఏముందో నాకు తెలుసు కనక, "మెడ కొయ్యక్కర్లేకపోవచ్చండి, సర్జన్ గారు చెబుతారు" అన్నాను. ఆ మాట వినగానే అప్పారావు రిపోర్టు కవరు జేబులో పెట్టుకోకుండా రెండు చేతుల్తో పట్టుకుని, కుడి భుజం ఒకసారి పైకి కిందికి తిప్పి చూసుకున్నాడు. అప్పటికే వాళ్ళు లేచి మెట్ల దగ్గరికి వెళ్ళారు. ఆ భుజం అలా తిరగడం చూశాక నా వల్ల కాలేదు.

"ఆ కవరు ఒక్కసారి ఇలా ఇస్తారా అండీ" అని వెనక్కి పిలిచి తీసుకున్నాను.

మేడంగారి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. "చివరి ముక్కలో చుక్క కిందికి పెట్టానండి" అన్నాను. ఆవిడ మైక్రోస్కోపు నుంచి తల ఎత్తారు.

"ఎప్పుడు తెలుసు నీకు?"

"పెట్టినప్పుడేనండి."

"చెక్కులో నలుపు రాలేదా?"

"వచ్చిందండి. పోయేదాకా కోసేశానండి."

ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "ఏ బస్సు?" అన్నారు.

"ఐదుంబావుదండి."

ఇక ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. నాన్నకి ఏం చెప్పాలా అని లోపల మాటలు కూడా కూర్చుకుంటున్నాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, "తొట్టిలో మైనం వేడిగా ఉందా?" అన్నారు. ఉందండి అన్నాను. "అయితే ఆ గడ్డ కరిగించు. తిప్పి పెడదాం" అని తనే బయటికి వెళ్ళారు. రోగి ఎదురుగా నిలబడి మాట్లాడటం ఆవిడకి ఏడాదికోసారి కూడా ఉండేది కాదు.

"అప్పారావు గారూ, మీకిచ్చిన రిపోర్టు చెల్లదండి. మా దగ్గర పొరపాటు జరిగింది. ముక్కని రెండోవైపు నుంచి చూడాలి. సాయంత్రం నాలుగింటికి చెబుతాను" అన్నారు.

"ఇందాకే అక్కర్లేదన్నారు కదండీ" అంది నూకరత్నం. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"అన్నాం. తప్పు చూసి అన్నాం. మీరు నన్ను తిట్టినా ఫరవాలేదు, కూర్చోండి."

వాళ్ళు బల్లమీదే కూర్చున్నారు. మధ్యాహ్నం అయింది, అతను ఏమీ నమల్లేడు. మేడంగారు తన క్యారేజీలోంచి మజ్జిగ తీసి, తన గ్లాసులోనే పోసి అతనికి పట్టుకెళ్ళి ఇచ్చారు. నూకరత్నం గబగబా సంచిలోంచి వేరే గ్లాసు తీసింది. "ఈయనకి వేరే గ్లాసు తెచ్చుకున్నామండి. ఇంట్లో కూడా వేరేగానే పెట్టేశారండి అందరూ."

"ఇది అంటుకునే జబ్బు కాదమ్మా. ఇంటికెళ్ళి అందరికీ నా పేరు చెప్పి చెప్పండి" అని గ్లాసు అతని చేతిలో పెట్టారు. అతను తాగి, గ్లాసు కడుగుతానని లేస్తే, మేడంగారే తీసుకుని వెళ్ళిపోయారు.

ఈలోగా నేను గడ్డ కరిగించి, ముక్క తిప్పి, చుక్క చెరిగిన వైపు పైకి పెట్టి, చల్లార్చి, కోసి, రంగు వేశాను. మేడంగారు స్లైడు పెట్టి చూసి, కొలిచి, పక్కకి జరిగి నన్ను చూడమన్నారు. పుండు కండలోకి ఆరు మిల్లీమీటర్ల పైగా దిగింది. అడుగున కణాలు గుంపులు గుంపులుగా విడిపోయి, ఒక నరం చుట్టూ చేరి ఉన్నాయి. ఇంత తేడా ఒకే ముక్కకి ఇటూ అటూ ఉంది. దోసె సామెత గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

సర్జన్ గారికి ఆవిడ నా ఎదురుగానే ఫోన్ చేశారు. "మొదటి రిపోర్టు తప్పండి, చించెయ్యండి. ముక్క తిరగబడింది. నా లాబ్‌లో జరిగింది, సంతకం నాది." అంతే. నా పేరు ఆ ఫోన్లోనే కాదు, ఎక్కడా రాలేదు. పుస్తకంలో మొదటి అంచనా కొట్టెయ్యలేదు. దాని కింద "ముక్క తిరగబడింది, మళ్ళీ చూశాం" అని రాసి, "ఉంది" అని రాశారు. నేనూ "ఉంది" అని రాశాను. బయటికి వెళ్ళి ఆ భార్యాభర్తలకి మెడ ఆపరేషన్ కావలసి వస్తుందని కూడా ఆవిడే చెప్పారు. నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని మెట్లు దిగింది. వాళ్ళు వెళ్ళాక నేను తిట్టు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. "ఐదుంబావు బస్సు పోతే ఆరింటికి ఇంకోటి ఉంది. ఈసారి నాకు చెప్పి వెళ్ళు" అన్నారు మేడంగారు. ఆ పూట ఆరింటి బస్సులో కూర్చుని గుండుగొలను దాకా ఏడ్చాను.

తర్వాతి వారం మెడ కొవ్వు డబ్బా వచ్చింది. పద్దెనిమిది బిళ్ళలు ఏరాను. అన్నీ కోసి, రంగు వేసి, మేడంగారి ముందు పెట్టాను. ఆవిడ రెండు రోజులు చూశారు. పద్దెనిమిదీ శుభ్రంగా ఉన్నాయి. నేను నోరు విప్పకపోతే అతని మెడ మీద కత్తి పడేది కాదు, భుజం సంగతి ఏమవుతుందో కూడా తెలియదు, తీరా చూస్తే ఏమీ లేదు. మేడంగారు మాత్రం మామూలుగానే, "లేకపోతే మంచిదే కదా. ఎర్రసిరా పెన్ను ఇలా ఇయ్యి" అన్నారు.

నేను ఇవ్వలేదు. "కొవ్వు ఇంకా డబ్బాలోనే ఉందండి" అన్నాను.

"రెండుసార్లు వెతికావు కదమ్మా."

"ఇంకోసారి చూస్తానండి. సన్న చేతితొడుగులు వేసుకుని."

కళ్ళు మూసుకుని వెతికాను. నిజంగానే మూసుకున్నాను, కొల్లేటి లంకలో దీపం వెలుగు చాలనప్పుడు చేసినట్టు. రక్తనాళాన్ని ఆనుకుని పెసరగింజంత గట్టితనం ఒకటి వేలికి తగిలింది. మర్నాడు మధ్యాహ్నం మేడంగారు "పద్మా, ఇలా రామ్మా" అని పిలిచారు. ఆ పెసరగింజ అంచున, వెతికితే గాని కనబడనంత చిన్న గుంపు, నాలుక మీద ఉన్న కణాలే, అక్కడ కూర్చుని ఉన్నాయి. ఇంకో ఆర్నెల్లు ఆగితే అవేం చేసేవో మా ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఎర్రసిరాతో "ఉంది" అని రాసి, పక్కన "పద్మ వేళ్ళు" అని రాశారు. తప్పు చేసినప్పుడు రాయని పేరు అప్పుడు రాశారు. సిగ్గూ గర్వమూ రెండూ ఒక్కసారే వస్తాయని ఆ రోజే తెలిసింది.

ఇది చదివి ఆవిడ లెక్క ఎప్పుడూ తప్పదని ఎవరైనా అనుకుంటే అది ఆవిడకి అన్యాయం. ఆ పుస్తకంలో తర్వాతి పేజీయే తప్పు. తణుకు నుంచి ఒక బడిపంతులు గారి ముక్క వస్తే ఆవిడ "ఉంది" అన్నారు, నేను "లేదు" అన్నాను. మెడ కోశారు, నేను మూడుసార్లు వెతికాను, ఏమీ లేదు. ఎర్రసిరాతో "లేదు. కిందటి కేసు భయం నన్ను వదల్లేదు" అని రాసుకున్నారు. ఆ పేజీ తెరిచి, వచ్చిన ప్రతి డాక్టరుకీ తనే చూపించేవారు. మర్నాడు క్యారేజీలో నాకు వేరే గిన్నెలో పులిహోర తెచ్చి, "గెలిచినవాళ్ళకి" అన్నారు. తను తప్పిన పేజీల గురించి ఆవిడ మాట్లాడినంత ఇష్టంగా నెగ్గిన పేజీల గురించి మాట్లాడటం నేను వినలేదు.

ఏడాది దాటాక ఒక పొద్దున మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. అప్పారావు. కుడి భుజం మీద సగం బస్తా ఉల్లిపాయలు. మెడ మీద సన్నగా తెల్లటి గీత. మేడంగారి గది గుమ్మంలో నిలబడి, "ఇదేనండి ఆ భుజం" అన్నాడు. 'ర' సరిగ్గా పలకడం లేదు కానీ మాట తెలుస్తోంది.

"ఉల్లిపాయలు మా ఇంట్లో వండం నాయనా" అన్నారు ఆవిడ.

"వండక్కర్లేదండి. మోసుకొచ్చానా లేదా, చూడండంతే."

ఆవిడ కుర్చీలోంచి లేచారు. బస్తా దింపమని, మళ్ళీ ఎత్తుకోమని, కిటికీ దాకా నడిచి రమ్మని, మూడుసార్లు చేయించారు. చేయిస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడు నేను ఉండబట్టలేక, "ఆ రోజు ముక్క బోర్లా పెట్టింది నేనేనండి. మేడంగారు కాదు" అని చెప్పేశాను. మేడంగారు నన్ను వారించలేదు. అప్పారావు బస్తా భుజం మీదే ఉంచుకుని నా వైపు తిరిగాడు.

"బోర్లా పెట్టేశానని మమ్మల్ని వెనక్కి పిలిచింది కూడా మీరే కదండీ" అన్నాడు. "చెప్పకపోతే నాకెలా తెలుత్తాదండి?"

ఆ ఉల్లిపాయలు మా వీధంతా పంచాం. నేను ఇంటికి తీసుకెళ్ళినవి మా అమ్మ చేపల పులుసులో వేసింది. ఆ సంగతి మర్నాడు చెబితే మేడంగారు చెవులు మూసుకున్నట్టు నటించి, పులుసు ఎలా ఉందో అడిగారు.

ఆవిడ మంచం పట్టాక ఒకసారి చూడటానికి వెళ్తే, దిండు కిందనుంచి ఆ పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. అట్ట మూలలకి పసుపు అప్పటికే వెలిసిపోయింది. ఎర్రసిరా పడని పేజీలు ఇంకా తొమ్మిది మిగిలాయి. వాటిని ఏడు దాకా తగ్గించాను. ఆ ఏడుగురికీ ప్రతి ఏడూ ఫోన్ చేస్తాను. వాళ్ళ ఇళ్ళల్లో నన్ను డాక్టరమ్మ అనుకుంటారు, కాదని చెప్పినా వినరు.

నిన్నటి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ కుర్చీలో ఇప్పుడు కూర్చునే డాక్టర్ హారిక గారు కొత్తగా ఒక ప్రోగ్రాం తెప్పించారు. నాలుక స్లైడు ఫోటో తీసి కంప్యూటర్లో పెడితే, మెడ బిళ్ళల్లో జబ్బు దాక్కుని ఉండే అవకాశం ఎంతో అది చెబుతుందట. గుండుగొలను పక్క ఊరి నుంచి వచ్చిన ఒకావిడ స్లైడు పెట్టారు. అవకాశం తక్కువ అని ఆ ప్రోగ్రాం చెప్పింది. "మీరేమంటారు పద్మగారూ?" అని అడిగారు డాక్టరుగారు. నేను లోపలికి వెళ్ళి ఆ మైనం గడ్డ వెతికి తెచ్చి, కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను. గడ్డ వెనక అతుక్కుని ఉండే ప్లాస్టిక్ చట్రం సందుల్లోంచి, పాలలాంటి మైనంలో, చిన్న నల్లటి చుక్క కనబడింది. చుక్క పైకే ఉంది. అప్పుడు మైక్రోస్కోపు దగ్గర కూర్చుని నిదానంగా చూశాను.

"నేనూ లేదనే అంటానండి" అన్నాను.

డ్రాయరు తీసి, పసుపు మూలల పుస్తకంలో కొత్త పేజీ తెరిచాను. డాక్టరుగారికి ఒక గడి, నాకు ఒక గడి గీశాను. ఆ పక్కన ఇంకొకటి గీస్తుంటే, అదెవరికి అని అడిగారు డాక్టరుగారు.

"కంప్యూటరుకండి. దానికి కూడా ఎవరో ఒకరు తిరిగొచ్చి చెప్పాలి కదండీ" అన్నాను.